ఎనిమిదేళ్లుగా అమ్ముతున్న ఆక్షన్ సైటు వదిలేయాలా? ఎవరైనా చెప్పండి

మహేంద్రగిరి, రాత్రి 11:42

సాయంత్రం ఏడు గంటల నుంచి లెక్క వేస్తూనే ఉన్నాను, తేలడం లేదు. నిన్న ఒకటి 2,400 రూపాయలకు అమ్ముడుపోయింది. సైటు వారి రుసుము 12 శాతం. అంటే 288 రూపాయలు పోవాలి. నా బ్యాంకు ఖాతాలో పడింది మాత్రం 1,897 రూపాయల 50 పైసలు. మిగతా డబ్బు ఎక్కడికి పోయింది? సహాయ విభాగానికి మూడు సార్లు రాశాను. మూడు సార్లూ "రుసుముల పేజీ చూడగలరు" అన్న జవాబే వచ్చింది.

ఎనిమిదేళ్లుగా ఒకే చోట అమ్ముతున్నాను. వెయ్యికి పైగా మంచి అభిప్రాయాలు ఉన్నాయి, ఒక్కరు కూడా చెడుగా రాయలేదు. డబ్బు అందిన మర్నాడే తపాలా కార్యాలయానికి వెళ్తాను. ఇంత నమ్మకంగా ఉన్నవాడికి ఇదా దక్కేది? మరో సైటు 4 శాతమే తీసుకుంటోంది. మారిపోవాలా, ఉండాలా? దయచేసి సూటిగా చెప్పండి.

నాగావళి, రాత్రి 11:50

ఏమి అమ్ముతారు? ఎవరికి? చెప్పకుండా అడిగితే ఎవరూ చెప్పలేరు.

ఋషికుల్య, రాత్రి 11:58

మహేంద్రగిరి గారూ, మీ ప్రశ్నకు ఇతరులు జవాబు చెబుతారు. నాది శీర్షిక గురించిన విన్నపం. "ఆక్షన్" ఎందుకండీ? మనకు వేలం ఉంది, హరాజు ఉంది, అన్నిటికంటే చక్కని "పాట" ఉంది. గోపాలపురం ఒడ్డున చేపలు దింపగానే "పాట మొదలైంది" అనే అంటారు. చీటీ వేసిన ఇల్లాలు కూడా "ఈ నెల పాట నాకు వచ్చింది" అంటుంది. ఇంత వాడుకలో ఉన్న మాటను ఫోను తెరిచేసరికి మరిచిపోతున్నాం. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ జనం మాటకు పుస్తకంలో చోటు కావాలని పోరాడారు. ఆ ఊరి చుట్టుపక్కల వాళ్లమైనా గుర్తుంచుకోవాలి కదా.

జయపురం, రాత్రి 12:04

ఋషికుల్య గారూ, వేలం కూడా మన మాట కాదు. పోర్చుగీసు "లెయిలావ్" నుంచి వచ్చింది. ఒడియా వారి "నిలామ్" కూడా అక్కడిదే. హరాజు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. పడవల్లో వచ్చిన మాటలు మనవైనప్పుడు ఆక్షన్ మాత్రం ఏం పాపం చేసింది?

ఋషికుల్య, రాత్రి 12:09

అందుకే "పాట" అన్నాను. దానికి ఎవరి పడవా అక్కరలేదు.

మహేంద్రగిరి, రాత్రి 12:15

అయ్యా, పేరు ఏదైనా పెట్టుకోండి. నేను అడిగింది డబ్బు గురించి.

నాగావళి గారూ, నేను అమ్మేవి పాత తపాలా కవర్లు, కార్డులు, కొన్ని బిళ్ళలు. అప్పుడప్పుడు నాణేలు. మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడక ముందు మా ఊరు మద్రాసు ప్రాంతంలో, గంజాం జిల్లాలో ఉండేది. ఆ రోజుల ఊరి ముద్ర పడిన కవర్లను తపాలా చరిత్ర సేకరించేవారు వెతికి కొంటారు. నిన్న పోయింది 1934 నాటి కవరు, పుణెలో ఒకరు కొన్నారు. విదేశాల నుంచి కూడా అడుగుతుంటారు. జీఎస్టీ నమోదు ఉంది. ఇవన్నీ చెప్పాలని నాకు తోచలేదు, పాట సైటులో ఇలాంటివి కాక ఇంకేం అమ్ముతారు?

జయపురం, రాత్రి 12:31

విదేశాలు అన్నారు కాబట్టి ముందు ఇది చదవండి, రుసుము సంగతి తర్వాత. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు మనిషి దేశం బయటకు పంపకూడదు. చారిత్రక ఆసక్తి ఉన్న ఇతర వస్తువులకు కూడా నూరేళ్ల లెక్కే. చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, పత్రాలు అయితే గడువు 75 ఏళ్లే. కవరు లోపల ఉత్తరం ఉంటే అది ఈ కోవలోకి రావచ్చు. మీరు "ఖాళీ కవరే కదా" అనుకుంటారు, విమానాశ్రయంలో కస్టమ్స్ అధికారి అలా అనుకోకపోవచ్చు. అనుమానం ఉన్న వస్తువుకు భారత పురావస్తు సర్వేక్షణ నుంచి "పురావస్తువు కాదు" అనే ధ్రువపత్రం తీసుకున్నాకే పంపండి. దేశంలోపల కూడా పురావస్తువుల వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి.

నాణేల మీద మరో మాట. మీ పాత నాణేనికి లక్షలు ఇస్తామని, ముందుగా పన్నో కమీషనో కట్టమని రిజర్వు బ్యాంకు పేరుతో ఎవరైనా రాస్తే నమ్మకండి. ఇలాంటి మోసాల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే జనాన్ని హెచ్చరించింది.

మహేంద్రగిరి, రాత్రి 12:38

1919 నాటి కవరు ఒకటి విదేశీ కొనుగోలుదారులకు కూడా కనిపించేలా పెట్టి ఉంది. ఇప్పుడే తీసేస్తున్నాను. మంచి మాట చెప్పారు. అయినా నా 1,897 సంగతి ఎవరూ చెప్పలేదు.

వంశధార, ఉదయం 6:20

రాత్రి చర్చంతా ఇప్పుడే చదివాను. మీరు శాతాలు పోల్చుకుంటున్నారు. పోల్చవలసింది పాడేవారి సంఖ్యను.

చేపల పాటే తీసుకోండి. పెద్ద వంజరం ఒకటి దిగింది. కొనేవాళ్లు ఇద్దరే ఉన్న రోజున దాని ధర, ఎనిమిది మంది ఉన్న రోజున దాని ధర ఒకటేనా? చేప మారలేదు, ధర మారింది. పాటలో ధరను నిలబెట్టేది గెలిచినవాడు కాదు, అతని వెనుక చివరి దాకా పట్టు వదలనివాడు. ఈ సైటులలో కూడా కొనేవాడు తాను ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం రాసి పెడితే, రెండోవాడి మొత్తం కంటే ఒక్క మెట్టు పైన పాట ఆగుతుంది. 1961లో అర్థశాస్త్రవేత్త విలియం విక్రీ రెండో ధర పాట గురించి చేసిన సిద్ధాంతానికి ఇది దగ్గరి చుట్టం. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

లెక్క చూడండి. ఒకే కవరు. పెద్ద సైటులో ఒకరు 2,000 దాకా, మరొకరు 1,800 దాకా సిద్ధం. పాట 1,800 దగ్గర ఆగుతుంది. రుసుము, దాని మీద జీఎస్టీ కలిపి సుమారు 14 శాతం కోసినా చేతికి 1,548. చిన్న సైటులో ఆ 2,000 మనిషే ఉన్నాడు, రెండోవాడు మాత్రం 1,100 వాడు. పాట 1,100 దగ్గర ఆగుతుంది. అన్నీ కలిపి సుమారు 5 శాతమే కోస్తారు, చేతికి 1,045. తక్కువ రుసుము మీకు ఐదు వందలు నష్టం తెచ్చింది.

రుసుము ఒక్కటే ముఖ్యమైతే అమెరికాలో యాహూ పాటల సైటు గెలవాలి. మొదట్లో అమ్మేవారి నుంచి ఏమీ తీసుకోలేదు. అయినా పోటీ సైటు ఈబే దగ్గరి జనాన్ని లాగలేక 2007లో మూతపడింది. జపానులో దీనికి తలకిందులు. అక్కడ యాహూ 1999లోనే మొదలై జనాన్ని పోగు చేసుకుంది. 2000లో వచ్చిన ఈబే రెండేళ్లకే వెళ్లిపోయింది. ఎక్కడ ముందుగా గుంపు చేరిందో అక్కడే సంత.

పాతతపాలా, ఉదయం 7:05

వంశధార గారి లెక్క సరైనదే, కానీ ఒక మెలిక ఉంది. ఊరి ముద్రల కవర్లకు గుంపు పెద్దదైతే చాలదు, తెలిసినవాళ్ల గుంపు కావాలి. పెద్ద సైటులో లక్షల మంది ఉంటారు, పర్లాకిమిడి ముద్ర గుర్తుపట్టేవారు పది మంది ఉంటారేమో. సేకర్తల సైటులో మనుషులు తక్కువే, కానీ ఆ పది మందిలో ఆరుగురు అక్కడే ఉండవచ్చు. కాబట్టి సైటుకు ఎంత మంది వస్తారని కాదు, మీ వస్తువుకు ఎంత మంది వస్తారని చూడాలి.

రెండో సంగతి. నమ్మకంగా ఉన్నాను, విధేయతగా ఉన్నాను అంటున్నారు. ఆ మాట నన్ను బాధించింది. సైటుకు విధేయత ఏమిటండీ? మన దేశంలో బాజీ సైటును 2004లో ఈబే కొన్నది. 2017లో ఈబే భారత వ్యాపారం ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్లింది. 2018 ఆగస్టులో ఆ సైటు మూతపడింది. ఎన్నో ఏళ్లుగా అక్కడే అమ్ముకున్నవాళ్లు ఎంతమంది! ఎవరి విధేయత ఆపింది? 2008లో ఈబేలో కొనేవారి గురించి అమ్మేవారు చెడుగా రాయకూడదన్న నియమం వచ్చినప్పుడు అమ్మేవాళ్లు వారం రోజులు సరుకు పెట్టడం మానేశారు. నియమం మాత్రం మారలేదు.

వంశధార, ఉదయం 7:21

విధేయత మాట తప్పే, ఒప్పుకుంటాను. అయితే ఆ వెయ్యి అభిప్రాయాలు విధేయత కాదు, పెట్టుబడి. తెలియని మనిషి నుంచి 90 ఏళ్ల కవరు కొనేవాడు మొదట చూసేది అదే. కొత్త సైటులో ఆయన సున్నాతో మొదలవుతారు. ఆ సున్నా ఖరీదు కూడా లెక్కలో వేయాలి.

పాతతపాలా, ఉదయం 7:30

పెట్టుబడి అంటే మనం వెనక్కి తీసుకోగలిగినది. ఇది తీసుకోలేనిది. అది వాళ్ల ఇంటి గోడ మీద మనం వేసిన రంగు.

వంశధార, ఉదయం 7:34

రంగు మనదే కాబట్టి ఆ గోడ ఉన్నంత కాలం దాని ముందు అమ్ముకుందాం అంటున్నాను.

నాగావళి, ఉదయం 7:40

మహేంద్రగిరి గారూ, చెల్లింపు చీటీలో ప్రతి వరుసా ఇక్కడ రాయండి. కవరు ధర కాకుండా తపాలా ఖర్చు ఎంత వసూలు చేశారు?

మహేంద్రగిరి, ఉదయం 8:15

తపాలా ఖర్చు 100. అది కొన్నవారు ఇచ్చినదే కదా, అందుకే చెప్పలేదు. చీటీలో వరుసలు: అమ్మకపు రుసుము 300, దాని మీద జీఎస్టీ 54, ప్రచార రుసుము 200, దాని మీద జీఎస్టీ 36, టీసీఎస్ 12.50. ప్రచార రుసుము అంటే నెల క్రితం "మీ వస్తువు ఎక్కువ మందికి కనిపిస్తుంది" అని వస్తే సరేనని నొక్కాను. అది ఉచితం అనుకున్నాను.

నాగావళి, ఉదయం 8:22

దొరికింది. రుసుము 2,400 మీద కాదు, తపాలా కలిపి 2,500 మీద వేశారు. 12 శాతం 300. సైటు రుసుము మీద జీఎస్టీ 18 శాతం, 54. ప్రచారానికి 8 శాతం 200, దాని జీఎస్టీ 36. మొత్తం 590. టీసీఎస్ రుసుము కాదు, సైటు మీ తరఫున ముందే పట్టుకునే జీఎస్టీ. 2024 జులై 10 నుంచి రేటు 0.5 శాతం. మీ జీఎస్టీ ఖాతాలో జమ అవుతుంది, వాడుకోండి. ప్రచారం ఆపితే 236 మిగులుతుంది.

పాతతపాలా, ఉదయం 8:30

అదీ సంగతి. ప్రచారం అక్కరలేదు. "మద్రాసు ప్రాంతం, గంజాం జిల్లా, 1934" అని వివరణలో రాస్తే కావలసినవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. ముద్ర స్పష్టంగా కనిపించేలా స్కాను పెట్టండి, ఫోను ఫొటో వద్దు. మరో సైటు చూడాలంటే రెండు కవర్లు అక్కడ పెట్టండి, కానీ ప్రారంభ ధర మీకు గిట్టుబాటు అయ్యే చోటే పెట్టండి. పాడేవాళ్లు తక్కువ ఉన్న చోట పది రూపాయల నుంచి మొదలుపెడితే పది రూపాయలకే పోవచ్చు. పాత సైటు కొనుగోలుదారులకు ఆ సైటు ఉత్తరాల ద్వారా "బయట కొనండి" అని మాత్రం రాయకండి. ఖాతా మూసేస్తారు.

జయపురం, ఉదయం 8:44

నమోదు ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు, కానీ చదివే ఇతరులకు చెబుతున్నాను. సైటు ద్వారా వేరే రాష్ట్రానికి అమ్మితే వ్యాపారం ఎంత చిన్నదైనా జీఎస్టీ నమోదు కావాలి. 2023 అక్టోబరు నుంచి సొంత రాష్ట్రంలో అమ్మే చిన్న వ్యాపారులకే సడలింపు. మన సరిహద్దు ఊళ్లలో ఇది మరిచిపోతారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం సైకిలు మీద వెళ్లి రావచ్చు, చట్టానికి మాత్రం అది వేరే రాష్ట్రం. ఇచ్ఛాపురం, బరంపురం సంగతీ అంతే.

ఋషికుల్య, ఉదయం 8:51

అటూ ఇటూ ఒకే తెలుగు మాట్లాడుకునే ఊళ్లండీ అవి. పన్నుకు ఎలాగూ తెలియదు.

వంశధార, ఉదయం 8:58

తపాలా ఖర్చు మీద కూడా రుసుము పడుతోంది కాబట్టి దాన్ని కూడా చూసుకోండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. పాత రేటే వసూలు చేస్తుంటే తేడా మీ జేబు నుంచి పోతుంది.

మహేంద్రగిరి, మధ్యాహ్నం 1:10

ప్రచారం ఆపేశాను. పాత సైటులోనే ఉంటాను, రెండు కవర్లు సేకర్తల సైటులో పెడతాను. తపాలా రేటు మార్చాలి, పాతదే ఉంది. అందరికీ ధన్యవాదాలు. గుణుపురం రైలుకు వేళయింది.

పాతతపాలా, మధ్యాహ్నం 1:25

వెళ్లే ముందు ఒక్కటి చెప్పండి. ఆ 1934 ముద్రలో ఊరి పేరు ఏ స్పెల్లింగుతో ఉంది? నా దగ్గర ఉన్న రెండింటిలో రెండు రకాలుగా ఉంది. స్కాను దాచుకున్నారా?

పాతతపాలా, మర్నాడు ఉదయం 9:03

మహేంద్రగిరి గారూ?