మనాలి–లేహ్ దారిలో సిగ్నల్ లేనప్పుడు ఫోన్ ఎలా వాడాలి?

కొండమలుపు:
జూలైలో నలుగురం బైకుల మీద మనాలి నుంచి లేహ్ వెళ్తున్నాం. ఒక రాత్రి జిస్పాలో, ఒక రాత్రి సర్చూలో టెంటు. అందరివీ హైదరాబాద్ ప్రీపెయిడ్ సిమ్‌లు, ఆండ్రాయిడ్ ఫోన్లు. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో దించుకుంటే చాలా? తలా ఒక పదివేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సరిపోతుందా? అసలు జీపీఎస్‌కి నెట్ కావాలా వద్దా అని మాలో మాకే వాదన.

లాచుంగ్‌లా:
ముందు సిమ్ సంగతి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. ఇద్దరైనా పోస్ట్‌పెయిడ్‌కి మారండి, వేర్వేరు కంపెనీలవైతే మేలు. మారినా సరే, దార్చా దాటాక ఉప్షీ వచ్చేదాకా చాలామటుకు సిగ్నల్ ఉండదనుకునే బయల్దేరండి.

జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. ఫోన్ ఉపగ్రహాలు చెప్పేది వింటుంది, అంతే. నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఆ లెక్క క్షణంలో దిగుతుంది. లేకపోతే ఉపగ్రహం నోటి నుంచే వినాలి: దాని సొంత కక్ష్య వివరాలకి 30 సెకన్లు, ఏ ఉపగ్రహం సుమారుగా ఎక్కడుంటుందో చెప్పే మొత్తం పంచాంగానికి 12న్నర నిమిషాలు. అందుకే పొద్దున్నే మ్యాపులో మీరున్న చోటు చూపే నీలం చుక్క పాత ఊళ్లోనే కూర్చుంటే ఫోన్ పాడైందనుకోకండి. ఆకాశం బాగా కనబడేచోట బైకు ఆపి కొన్ని నిమిషాలు కదలకుండా ఉంచండి. లోయలో వంపులు తిరుగుతూ ఉంటే వినేది మధ్యలో తెగి మళ్లీ మొదటికొస్తుంది.

నట్టూబోల్టూ:
తలా ఒక పవర్ బ్యాంకు చాలదండీ. పదివేల ఎంఏహెచ్ అంటే లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్కన 37 వాట్-అవర్లు. వోల్టేజి మార్పులో, వేడిలో మూడో వంతు దాకా పోయిందనుకోండి, మిగిలేది పాతిక లోపే. 5000 ఎంఏహెచ్ ఫోన్‌కి సుమారు 19 వాట్-అవర్లు కావాలి. అంటే ఒక్కసారి నిండుగా, ఇంకో పావు వంతు. ఇరవై వేలది తీసుకోండి.

దానికంటే ముందు ఖర్చు తగ్గించండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే బ్యాటరీ తినేస్తుంది. ఫ్లైట్ మోడ్ వేసి లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. సర్చూ 4,200 మీటర్ల పైన ఉంది, రాత్రి ఫోన్, పవర్ బ్యాంకు రెండూ స్లీపింగ్ బ్యాగులోనే పడుకోవాలి. చలికి గడ్డకట్టిన ఫోన్‌ని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టొద్దు. సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేస్తే లిథియం సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది.

హ్యాండిల్‌కి బిగించే ఫోన్‌కి వైబ్రేషన్ డ్యాంపర్ (అదురుని పీల్చుకునే భాగం) ఉన్న మౌంటు వాడండి. ఇంజను అదురుకి ఫొటో చెదరకుండా చూసే కెమెరా స్టెబిలైజేషన్ పోవచ్చని ఆపిలే 2021లో హెచ్చరించింది.

కొండమలుపు:
థ్యాంక్సండీ. ఇంట్లో ఫ్లైట్ మోడ్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి సర్చూ అని కొడితే ఏమీ రావట్లేదు. మనాలి వస్తోంది. ఇంకో ఫ్రెండ్ వెళ్లిన దారిని గీతగా నమోదు చేసే యాప్‌లో ట్రాక్ రికార్డు పెడితే, అది మధ్యలో మలుపులు వదిలేసి గీత తిన్నగా గీసేసింది.

లాచుంగ్‌లా:
మీరు గీసిన చతురస్రంలోకి సర్చూ వచ్చి ఉండదు. మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లోకి వెళ్లి, కేలాంగ్ నుంచి పాంగ్ దాకా ఒకటి, పాంగ్ నుంచి లేహ్ దాకా ఒకటి దించండి. బండి దారి చెబుతుంది గానీ ఆఫ్‌లైన్‌లో నడకదారి చెప్పదు. అందుకే ఆర్గానిక్ మ్యాప్స్ కూడా పెట్టుకోండి. ఉచితం, కాలిబాటలూ ఎత్తు గీతలూ ఉంటాయి. తాండి బంకు, టెంటు చోటు, డాబాలు ముందే పిన్ చేసి ఆ ఫైలు నలుగురి ఫోన్లలో వేయండి. తాండి బంకు దగ్గర తర్వాతి బంకు 365 కిలోమీటర్ల అవతలని బోర్డే ఉంటుంది.

తిన్నని గీత సంగతి: ఆండ్రాయిడ్ బ్యాటరీ ఆదా చేస్తున్నానంటూ యాప్‌ని నిద్రపుచ్చింది. సెట్టింగ్స్‌లో ఆ యాప్ బ్యాటరీ వాడకాన్ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి.

నట్టూబోల్టూ:
ఇంకో మాట. సిగ్నల్ లేనిచోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం ఎవరైనా అరువిస్తే తీసుకోకండి, అనుమతి లేకుండా మన దేశంలో అది నేరం. అంత ఎత్తులో ఒంట్లో ఆక్సిజన్ చూసుకోవడానికి, కెమెరా మీద వేలు పెడితే ఆక్సిజన్ చెప్పే యాప్‌లనీ నమ్మకండి, ఆక్సీమీటర్ కొనండి. డబ్బు నోట్ల రూపంలోనే. నెట్ లేని డాబాలో స్కానర్ బోర్డు ఉండి ఏం లాభం?