యూవీ జిగురు గట్టిపడటానికి ఇంట్లో ఎలాంటి దీపం వాడాలి?

6 మిల్లీమీటర్ల మందమున్న మామూలు గాజు పలకకు చిన్న స్టీలు బిళ్లను యూవీ జిగురుతో (అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే జిగురు) అతికించే ప్రయత్నంలో ఉన్నాను. జిగురు సీసాపై 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి కావాలని రాసి ఉండగా, నా దగ్గరున్నది 395 నానోమీటర్ల ఎల్‌ఈడీ టార్చి. దానిని 2 సెంటీమీటర్ల దూరం నుంచి, గాజు వైపుగా, 5 నిమిషాల పాటు వెలిగించినా అతుకు జెల్లీలా మెత్తగానే ఉండి, వేలితో నెడితే బిళ్ల జరుగుతోంది.

రెండు ఉపరితలాలనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, జిగురు పొరను పలుచన చేశాను, సమయాన్ని 15 నిమిషాలకు పెంచాను; ఫలితం మారలేదు. అదే సీసాలోని జిగురు మధ్యాహ్నపు నేరుటెండలో గంటసేపు ఉంచినప్పుడు చక్కగా బిగిసింది కాబట్టి, లోపం జిగురులో కాక కాంతిలోనే ఉందని నా నమ్మకం. అంచుల వెంట బయటికి వచ్చిన జిగురు జిడ్డుగా మిగలడం గాలిలోని ఆక్సిజన్ పైపొర గట్టిపడకుండా అడ్డుకోవడం వల్లనే కనుక దాని గురించి నాకు చింత లేదు.

ఇప్పుడు నా ముందున్నవి రెండు: నల్లని ఫిల్టరు గల 365 నానోమీటర్ల టార్చి, లేదా 365, 405 నానోమీటర్ల ఎల్‌ఈడీలు కలిసి ఉండే 36 వాట్ల గోళ్ల దీపం (జెల్ గోళ్ల రంగును గట్టిపరిచేది). వాట్లు దీపం వాడుకునే విద్యుత్తును చెబుతాయే గాని, జిగురుపై ప్రతి చదరపు సెంటీమీటరుకు చేరే కాంతిని చెప్పవు. అందువల్ల ఆ అంకెలతో పోల్చలేకపోతున్నాను. యూవీ కాంతిని ఆపే కళ్లద్దాలు నా దగ్గర ఉన్నాయి.

ఇలాంటి గాజు–లోహపు అతుకు పూర్తిగా బిగియడానికి ఈ రెండింటిలో ఏది సరిపోతుందో, స్వయంగా వాడి చూసినవారు తెలియజేయగలరా?