పెళ్లి ఫొటోల లింకులో సెల్ఫీ పెడితే మన ఫొటోలన్నీ వచ్చేస్తున్నాయి. ఇది సబబేనా?

గోదారిగట్టు: మొన్న భీమవరంలో మేనమామ కూతురి పెళ్లి. భోజనాల హాలు గోడకి క్యూఆర్ కోడ్ అంటించారు. స్కాన్ చేసి సెల్ఫీ పెట్టగానే నేనున్న ఫొటోలన్నీ బయటికొచ్చాయి. అంటే అక్కడికొచ్చిన ప్రతి ముఖాన్నీ ముందే కొలిచి పెట్టుకున్నట్టేగా? నన్నెవరూ అడగలేదు.

కెమెరాకన్ను: పెళ్లిళ్లు తీసేవాణ్ణి, చెప్తా వినండి. ఒక్కో పెళ్లికి నాలుగైదు వేల ఫొటోలు. ఇదివరకు "మా ఫొటో ఏదీ" అని నెల్లాళ్లు ఫోన్లే ఫోన్లు. ఇప్పుడా బాధ లేదు. ఎవరి సెల్ఫీ పెడితే వాళ్ల ఫొటోలే వస్తాయి.

మల్లెతీగ: సొంత సెల్ఫీయే పెట్టాలని ఏముందండీ? గ్యాలరీలోంచి వేరేవాళ్ల ఫొటో ఎక్కించినా తీసుకుంటోంది.

కెమెరాకన్ను: లింకు బంధువులకే ఇస్తాం మేడమ్.

సెక్షన్‌రాజు: 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చదవండి. మనంతట మనం బహిరంగంగా పెట్టుకున్న వివరాలకు అది వర్తించదు. రోజూ ఫేస్‌బుక్‌లో ఫొటోలు పెట్టి ఇక్కడ గగ్గోలు దేనికి?

గోదారిగట్టు: మనంతట మనం పెడితే కదా! ఇక్కడ పెట్టింది నేను కాదు. ఆ ఫేస్‌బుక్కే 2021లో ముఖాలు గుర్తుపట్టడం ఆపేసి, వంద కోట్ల మందికి పైగా ముఖాల నమూనాలు చెరిపేస్తామని చెప్పింది.

చార్మినార్ చాయ్: 2021 లాక్‌డౌన్‌ల మా హైదరాబాద్‌ల పోలీసులు మాస్కు తీయమని ఫొటో తీసిన్రని, ఈ ముఖాలు గుర్తుపట్టుడు మీదనే హైకోర్టుల కేసు పడ్డది. ముందుగాల అది మాట్లాడుర్రి.

కెమెరాకన్ను: పోలీసుల సంగతి నాకెందుకు? మళ్లీ చెప్తున్నా, లింకు బంధువులకే. అంత భయమున్నవాళ్లు పెళ్లిళ్లకి రావడం మానుకోండి.

మల్లెతీగ: మానుకోవాలా? సరే వినండి. మా ఆయన్నుంచి విడిపోయి ఊరు మారాను. చెల్లి పెళ్లికి వెళ్లి, వెనక బంతిలో తల వంచుకుని అన్నం తిన్నాను. ఆడపడుచు ఇంకా ఆ చుట్టాల గ్రూపులోనే ఉంది. లింకు ఆయనకి పంపింది. ఆయన నా పాత ఫొటో ఎక్కించాడు. దొరికిన ఫొటోలో నా పక్కన నాతో పనిచేసే అమ్మాయి, డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది, మెడలో ఆఫీసు కార్డు. మూడో రోజు మా ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. మీరన్న బంధువే.

సెక్షన్‌రాజు: పోలీసులకి చెప్పారా?

మల్లెతీగ: చెప్పాను. అయినా ఇల్లు మారాల్సి వచ్చింది.

కెమెరాకన్ను: మేడమ్, ఇంత జరిగిందని తెలీక అలా అన్నాను, తప్పే. కానీ లింకు ఇవ్వనంటే బుకింగు పక్క స్టూడియోకి పోతుంది. డబ్బిచ్చేది పెళ్లివాళ్లు, అడిగేదీ వాళ్లే. వచ్చిన 800 మందినీ నేనెక్కడ అడగను?

గోదారిగట్టు: అడగలేనప్పుడు ముఖంతో వెతకడం తీసేయండి అన్నా. ఫొటోలు మామూలుగానే పంపండి.

కెమెరాకన్ను: అది పెళ్లివాళ్లు ఒప్పుకోవాలి. మీ చెల్లివాళ్లకి చెప్పి ఆ లింకు తీయించారా మేడమ్?

మల్లెతీగ: చెప్పాను. అమెరికాలో ఉన్న పిన్నివాళ్లు ఇంకా దింపుకోలేదట, ఇంకో నెల ఉంచుతామన్నారు.