డల్లాస్ 1984: ఆ రేసు ఆపేయాల్సిందా, జరగడమే మంచిదైందా?

పాతచక్రం:
1984 జులై 8న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం, డల్లాస్‌లో ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసు, గ్రాండ్ ప్రి జరిగింది. ఆ ఊళ్ళో అదే మొదటిది, అదే ఆఖరిది. ఫెయిర్ పార్క్ అనే ఎగ్జిబిషన్ మైదానం రోడ్ల మీద కాంక్రీటు దిమ్మెలు వరసగా పేర్చి 3.9 కిలోమీటర్ల ట్రాక్ తయారుచేశారు.

డల్లాస్ పేరెత్తితే అందరూ ఒకే దృశ్యం చెబుతారు. ఆఖరి ల్యాప్‌లో నైజెల్ మాన్సెల్ నడిపే లోటస్ కారు మొరాయించడం, ఆయన దిగి దాన్ని నెట్టుకుంటూ రావడం, ముగింపు గీత ఇంకాస్త దూరంలో ఉండగా చక్రం పక్కనే కుప్పకూలడం. దాన్ని వీరగాథలా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆ వీడియో చూసినప్పుడల్లా కోపం వస్తుంది. దాదాపు 38 డిగ్రీల ఎండ, ట్రాక్ మీద 60 డిగ్రీల పైన వేడి. మంట తగలకుండా కప్పుకునే సూట్‌లో రెండు గంటలు బండి నడిపిన మనిషి చేత అలా బండి నెట్టించే పరిస్థితి రావడమే తప్పు. ఆదివారం పొద్దునే రేసు రద్దు చేయాల్సింది. మీరేమంటారు?

రెండోగేరు:
పాతచక్రం గారూ, మీ కోపం అర్థమైంది కానీ ఒప్పుకోను. మాన్సెల్‌ని ఎవరూ నెట్టమనలేదు, ఆయన ఇష్టపడి దిగాడు. ఆ రేసు రద్దయి ఉంటే మనం ఎంత పోగొట్టుకునేవాళ్ళమో చూడండి. కేకే రోజ్‌బెర్గ్ విలియమ్స్ కారులో గెలిచాడు, హోండా టర్బో ఇంజిన్‌కి ఎఫ్1లో అదే తొలి గెలుపు. ఫెరారీ డ్రైవర్ రెనే అర్నూ కారు ఫార్మేషన్ ల్యాప్‌లో (రేసుకి ముందు వేసే చుట్టు) ఆగిపోతే, అందరికంటే వెనక నుంచి బయల్దేరి రెండో స్థానానికి వచ్చాడు. ఒసెల్లా లాంటి చిన్న టీమ్ కారుతో పియర్‌కార్లో గిన్జాని ఐదో స్థానం కొట్టాడు. ఆయన ఎఫ్1 జీవితం మొత్తంలో వచ్చిన పాయింట్లు ఆ రెండే. మామూలు ట్రాక్ మీద, మామూలు రోజున ఇది జరిగేదా?

రోజ్‌బెర్గ్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. హెల్మెట్ కింద నీళ్ళు తిరిగే చల్లటి టోపీ పెట్టుకున్నాడు, అమెరికన్ రేసర్లు వాడే రకం. మిగతావాళ్ళు తల తిరిగి గోడలకి గుద్దుకుంటుంటే ఆయన తప్పు చేయకుండా లాక్కొచ్చాడు. కష్టమైన రోజున తయారై వచ్చినవాడు గెలిచాడు. రేసు అంటే అదే కదా.

తారురోడ్డు:
నేను రోడ్ల పనిలో ఉన్నాను, నాకు తెలిసిన భాగం చెప్తాను.

ఎండకి తారు మెత్తబడుతుందని అందరికీ తెలుసు. అసలు నష్టం ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు అంచున బూటు మడమ ఆనించి గట్టిగా తిప్పండి. ఒక కంకర రాయి పట్టు వదిలి పక్కకి దొర్లుతుంది. దాని కింద తారు నల్లగా తీగలా సాగి తెగుతుంది. ఆ ఒక్క రాయి లేచిపోయాక చుట్టూ ఉన్న నాలుగు రాళ్ళకి ఆనిక ఉండదు, అవీ లేస్తాయి. మడమకే ఇంత జరిగితే, 700-800 హార్స్‌పవర్ టర్బో కార్లు వెడల్పాటి స్లిక్ (గాడులు లేని నున్నటి) టైర్లతో మూలమలుపులో ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఏమవుతుంది? ప్రతి కారూ అదే గీత మీద, అదే చోట తొక్కుతుంది మరి.

దానికి తోడు శనివారం అదే ట్రాక్ మీద కాన్-యామ్ అనే ఇంకో సిరీస్ కార్ల రేసు కూడా పెట్టారు. అప్పటికే లేస్తున్న రోడ్డుని అది పూర్తిగా చీల్చేసింది. రాత్రికి రాత్రి త్వరగా గట్టిపడే సిమెంటుతో అతుకులేశారు. మెత్తగా కదిలే తారు మధ్యలో బిగుసుకుపోయిన సిమెంటు ముద్ద ఎంతసేపు నిలుస్తుంది? బండి బరువు పడగానే అంచులు విడిపోతాయి. ఆదివారం అదే అయింది.

అందుకే, ఎండని నిందించడం నాకు నచ్చదు. జులైలో టెక్సస్‌లో ఎండ ఉంటుందని ముందే తెలుసు. శనివారం రెండో రేసు పెట్టిన నిర్ణయానిదే తప్పు.

గోడపక్కన:
డ్రైవర్ అయర్టన్ సెన్నా కథ ఎవరూ చెప్పలేదేం? టోల్‌మన్ టీమ్‌లో ఉన్నాడప్పుడు, ఎఫ్1లో మొదటి ఏడాది. గోడకి గుద్దుకుని వచ్చి "గోడే జరిగింది" అన్నాడట. ఇంజినీర్ పాట్ సైమండ్స్ నమ్మలేదు, అయినా ఇద్దరూ కలిసి వెళ్ళి చూశారు. అంతకుముందు వేరే ఎవరో తగలడం వల్ల ఒక దిమ్మె అంచు నిజంగానే కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరిగి ఉంది. సెన్నా అంత కచ్చితంగా నడుపుతున్నాడన్నమాట. నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పాతచక్రం:
గోడపక్కన గారూ, ఆ కథ నాకూ ప్రాణం. కానీ అదే కథని ఇంకోవైపు నుంచి చూడండి. దిమ్మె జరిగితే తెలుసుకునే మార్గం అక్కడ లేదు, డ్రైవర్ గుద్దుకున్నాక తెలిసింది. ఆ వారాంతంలోనే ప్రాక్టీసులో మార్టిన్ బ్రండల్ నడిపే టైరెల్ కారు గోడకి తగిలి ఆయన రెండు చీలమండలూ విరిగాయి. ఇది మనం మర్చిపోకూడదు.

ఆదివారం ఎండ తప్పించుకోవడానికి రేసు 11 గంటలకే పెట్టారు, వార్మప్ (రేసుకి ముందు కార్లు నడిపి చూసుకునే సెషన్) పొద్దున 7కి. ఇదేం టైమని జాక్ లఫీట్ నైట్ డ్రెస్‌లోనే పిట్స్‌కి వచ్చాడు. అందరూ నవ్వుకునే సంగతి అది, నాకు మాత్రం డ్రైవర్ చేయగలిగిన నిరసన అంతకంటే ఏముంది అనిపిస్తుంది. నికీ లౌడా, అలైన్ ప్రోస్ట్ అయితే రేసు బహిష్కరించాలని తోటివాళ్ళని కూడగట్టే ప్రయత్నం చేశారు. కుదరలేదు. దాదాపు 90 వేల మంది వచ్చి కూర్చున్నారు, టీవీ ప్రసారం ఉంది. ఒక డ్రైవర్ కాదంటే ఎవరు వింటారు?

రెండోగేరు:
ఆ ఇద్దరూ చివరికి కారెక్కారు కదా. ప్రోస్ట్ లీడ్‌లోకి కూడా వెళ్ళాడు.

పాతచక్రం:
వెళ్ళాడు, లీడ్‌లో ఉండగానే గోడకి తగిలి ఆగిపోయాడు. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ లౌడాకి 72, ప్రోస్ట్‌కి 71.5. అర పాయింటు తేడా. దానికి కారణం మొనాకోలో వానకి మధ్యలో ఆపేసి, సగం పాయింట్లే ఇచ్చిన రేసు అని అందరూ అంటారు. డల్లాస్‌ని ఎవరూ లెక్కేయరు. ఆరో స్థానంలో ముగించి ఒక్క పాయింటు తెచ్చుకున్నా టైటిల్ ప్రోస్ట్‌దే అయ్యేది.

లెక్కలపిచ్చి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. లెక్క సరైనదే, ఆ రోజుల్లో 11 మంచి ఫలితాలే లెక్కకి తీసుకునేవాళ్ళు, ప్రోస్ట్‌కి పాయింట్లు వచ్చిన రేసులు 10 మాత్రమే. కాబట్టి డల్లాస్ పాయింటు పూర్తిగా కలిసేది. కానీ ప్రోస్ట్ తర్వాత కాసేపటికి లౌడా కూడా గోడకే తగిలాడు. రేసు రద్దయి ఉన్నా ఇద్దరికీ సున్నానే. ఈ వాదన మీకు పనికిరాదు పాతచక్రం గారూ.

పాతచక్రం:
అవును, ఒప్పుకుంటున్నా. ఆ వాదన వెనక్కి తీసుకుంటున్నాను.

రెండోగేరు:
మాన్సెల్ గురించి ఒక మాట. ఆయనకి అది జీవితంలో తొలి పోల్, అంటే అందరికంటే ముందు నుంచి బయల్దేరే చోటు. రేసు సగం దాకా ముందుండి, వెనకవాళ్ళని దాటనివ్వకుండా నడిపాడు. పోడియం మీద రోజ్‌బెర్గ్ దాని గురించి గట్టిగా తిడితే జనం రోజ్‌బెర్గ్‌నే గేలి చేశారు. కారు నెట్టిన మనిషిని వాళ్ళు అప్పటికే గుండెల్లో పెట్టుకున్నారు. ఒక్కసారి జరిగిన రేసుకి జనం అంత కదిలిపోతే, దాన్ని జరగకూడని రేసు అని ఎలా అంటాం? 78 ల్యాప్‌లు అనుకున్నది రెండు గంటల పరిమితి దాటి 67కే ఆపారు, నిజమే. ఎనిమిది మందే లెక్కలో మిగిలారు. ఆ ఎనిమిది మందీ సంపాదించుకున్నారు.

తారురోడ్డు:
జనం కదిలిపోయారు, మరి 1985లో ఎఫ్1 అక్కడికి తిరిగి రాలేదే. టెక్సస్‌కి మళ్ళీ వచ్చింది 2012లో, ఆస్టిన్‌లో, రేసు కోసమే కట్టిన ట్రాక్ మీద. అదీ నవంబర్‌లో. ఆ రాష్ట్రంలో ఎఫ్1 నడవదని కాదు. జులైలో, పార్కు రోడ్ల మీద, రెండు రేసులు కలిపి నడవదు.

పాతచక్రం:
రెండోగేరు గారూ, గిన్జాని రెండు పాయింట్లు, అర్నూ నడిపిన తీరు, వాటికి నేనూ చప్పట్లు కొడతాను. వాళ్ళ కష్టం మీద నాకేం అభ్యంతరం లేదు.

మీరు ముందు చెప్పిన రోజ్‌బెర్గ్ టోపీ సంగతి మాత్రం నన్ను వదలట్లేదు. చల్లటి టోపీ దొరికించుకుని, పైపు బిగించుకుని, హెల్మెట్‌లో పట్టేలా సరిచూసుకుని వచ్చాడంటే, ఆదివారం ఎలా ఉండబోతోందో ఆయనకి ముందే తెలుసు. ఒక డ్రైవర్‌కి తెలిసింది, తేదీ ఖరారు చేసినవాళ్ళకి తెలియదా? శనివారం ఇంకో రేసు పెట్టినవాళ్ళకి తెలియదా? దీనికి మీ జవాబు కావాలి.