అప్‌డేట్: 4 మీటర్ల నడక పరీక్షలో ఒకే మనిషికి రెండు వేగాలు

షుగరు, బీపీ, మోకాళ్ల అరుగుదల మూడూ ఉన్న 74 ఏళ్ల పెద్దావిడ 4 మీటర్లు ఒకసారి 4.9 సెకన్లలో, మరోసారి 6.1 సెకన్లలో నడుస్తున్నారని, వేగం సెకనుకు 0.82 మీటర్ల నుంచి 0.66కి పడిపోతోందని, ఎందుకిలా అని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"మొదలెక్కడ, ఆఖరెక్కడ చూడండి" అన్న సలహాతోనే తేలింది. పొద్దున కొలిచేవారు ముందు రెండడుగులు నడవనిచ్చి, గీత దాటాక వాచీ నొక్కేవారు. సాయంత్రం నిలబడ్డచోటి నుంచి "నడవండి" అనగానే నొక్కేవారు. పైగా సాయంత్రం నడిపించే వరండాలో ఆఖరి గీతకు అడుగు దూరంలోనే గోడ. పెద్దవాళ్లు గోడ కనపడగానే ముందే వేగం తగ్గించేస్తారు. ఒక్క సెకను తేడా ఇక్కడే వచ్చేస్తుంది.

ఇప్పుడు నేలమీద టేపుతో 8 మీటర్లు గీశాం: ముందు 2, వెనక 2 వదిలి నడుమ 4 మాత్రమే లెక్క. మొదటి పాదం గీత దాటగానే నొక్కడం, రెండో గీత దాటగానే ఆపడం. రోజూ వాడే చేతికర్రే, మామూలు నడకే. 5.0, 5.1 వచ్చాయి.

చెప్పులు, స్టాప్‌వాచీ మార్చినా ఫలితం మారలేదు. లేచి నిలబడితే బీపీ పడుతోందేమోనని డాక్టరుగారు చూశారు, పడలేదు. అయినా తల తిరిగేవాళ్లకు అది తప్పక చూడాలి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడుస్తారో చూసే పరీక్ష ఈవిడకు పనికిరాలేదు: ఆయాసం కంటే ముందే మోకాలు ఆపేస్తోంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఎస్‌పీపీబీ (పెద్దవాళ్ల నిలకడ, నడక, కుర్చీలోంచి లేవడం చూసి మార్కులేసే పరీక్ష) స్కోరు వేయాలంటే మాత్రం నిలబడ్డచోటి నుంచే మొదలుపెట్టాలి, రెండుసార్లలో తక్కువ సమయం వచ్చినదాన్నే లెక్కకు తీసుకోవాలి. ఆ అంకెనూ ఈ అంకెనూ ఒకే కాలమ్‌లో రాయకండి.