గుట్టా, రట్టా, గట్టా? లంకకు చేటు తెచ్చిన ఆ ఒక్క అక్షరం

ఆచంట లంక: నాలుగు రోజుల నుంచి ఒక్క అక్షరం నన్ను నిద్రపోనివ్వడం లేదు. మాది గోదావరి వశిష్ఠ పాయలో ఒక లంక, అంటే ఏటి మధ్య దిబ్బ మీద ఊరు. నా చిన్నప్పుడు పంచాయతీ ఎన్నికలు రెండు రోజులున్నాయనగా, మా పెదనాన్న వెంటే తిరిగిన మనిషి ఒకాయన ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని అవతలి వర్గం వాళ్ళ పడవెక్కేశాడు. ఏ ఇల్లు మనది, ఏ ఇల్లు ఊగుతోంది, అన్నిటికీ ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టిన జాబితా అది. నాన్నమ్మ అరుగు మీద కూర్చుని, చుట్ట పంటి కింద ఉండగానే అంది: "ఇంటి ...ట్టు లంకకు చేటు." ఆ "ట్టు" ముందున్న అక్షరం చుట్టపొగలో కలిసిపోయింది. అందరూ అనే "గుట్టు" అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. మొన్న మా చెల్లెలు "నాన్నమ్మ రట్టు అంది, నాకు బాగా గుర్తు" అని పట్టుబట్టింది. "ఇంటి రట్టు" ఎవరైనా విన్నారా?

ఆత్రేయపురం మాస్టారు: నేను విన్నది గుట్టే. కానీ అర్థం చూస్తే మీ చెల్లెలి మాటకే బలం ఎక్కువ. గుట్టు ఎవరికీ చేటు చెయ్యదు. "గుట్టుగా కాపరం చేసుకో తల్లీ" అని ఆడపిల్లకు చెప్పి పంపుతాం. చేటు తెచ్చేది రట్టు. "గుట్టు రట్టయింది" అన్న జంటలోంచి సామెతకు మొదటి ముక్కే మిగిలి, రెండోది జారిపోయిందని ముప్పై ఏళ్ళుగా నా అనుమానం. మీ నాన్నమ్మగారి నోట ఆ జారిపోయిన ముక్కే వచ్చిందేమో.

రాజోలు: మాస్టారూ, మీరు ఏటికి ఇవతల ఉండి మాట్లాడుతున్నారు. లంకలో పుట్టినవాడికి లంకంటే ముందు రావణుడు గుర్తురాడండి, వరదొస్తుంది. నా లెక్కన అది "ఏటిగట్టు లంకకు చేటు". ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అటూ ఇటూ గట్లు బలపడేకొద్దీ ఊళ్ళు బతికాయి, గట్ల మధ్యలో ఉన్న లంకలే మునిగాయి. 86 వరదలో మా మేనమామ గేదెల్ని గట్టెక్కించి, తను మాత్రం పాక కప్పు మీద రాత్రంతా కూర్చున్నాడు. ఏటి కాస్తా ఇంటి అయింది, గట్టు గుట్టయింది. అంతే.

కరీంనగర్: అన్నా, మా దిక్కు గోదావరి ఉంది గానీ మీ లెక్క లంకలు లేవు. అయినా మా అవ్వ సుత ఇదే సామెత చెప్పేది. సీమలో కూడా ఇదే అంటరు. గట్టు మీద పుట్టిన మాటైతే గట్టు దాటి ఇంత దూరం ఎట్లొచ్చింది? పైగా ఒక్క సామెత కోసం రెండు చోట్ల అక్షరాలు మార్చాలె మీరు.

రాజోలు: మాటలు పడవల్లో వెళ్తాయండి. అయినా అచ్చు పుస్తకంలో కెక్కినదే అసలని ఎందుకనుకోవాలి?

పాలకొల్లు అత్తయ్య: ముందు ఆ గుట్టేమిటో తేల్చండి నాయనా, అక్షరం తర్వాత చూద్దాం. విభీషణుడు చెప్పింది ఏ గుట్టు? మన ఇళ్ళల్లో అందరూ చెప్పేది రావణుడి బొడ్డులో అమృతం సంగతి. అది వాల్మీకంలో లేదు, అధ్యాత్మ రామాయణంలోది. వాల్మీకంలో బ్రహ్మాస్త్రం వెయ్యమని రాముడికి గుర్తు చేసింది ఇంద్రుడి సారథి మాతలి. అక్కడ విభీషణుడు చెప్పిన అసలు గుట్టు నికుంభిల. ఇంద్రజిత్తు హోమం పూర్తయితే వాణ్ణి గెలవలేరని, లక్ష్మణుణ్ణి వెంటపెట్టుకుని వెళ్ళి హోమం చేసే మర్రిచెట్టు చోటు చూపించాడు. సొంత అన్న కొడుకు! బొడ్డులో అమృతం కన్నా అది పెద్ద గుట్టు అనిపిస్తుంది నాకు. ఇల్లు తెలిసినవాడు తప్ప ఆ చెట్టు దగ్గరికి ఇంకెవరూ దారి చూపలేరు.

మండపేట: అత్తయ్యగారు అసలు చోటు పట్టుకున్నారు. సామెత తప్పుపట్టేది పక్షం మారడాన్ని కాదు, మోసుకెళ్ళిన మూటని. భీష్మపర్వం చూడండి. యుద్ధం మొదలవబోతుంటే ధర్మరాజు పిలిచాడు, యుయుత్సుడు అందరూ చూస్తుండగా పాండవుల వైపు వచ్చాడు. ఆయనా ధృతరాష్ట్రుడి కొడుకే. "ఇంటి గుట్టు హస్తినకు చేటు" అని ఎవరూ అనలేదు. చివర్లో పాండవులు రాజ్యం వదిలి వెళ్తూ హస్తిన బాధ్యత ఆయన చేతుల్లోనే పెట్టారు.

పాలకొల్లు అత్తయ్య: ఆ ఒక్క పర్వంతో ఆగిపోకు. వ్యాసభారతం ఆదిపర్వంలో, భీముడికి మళ్ళీ విషం పెట్టిన సంగతి పాండవులకు చెప్పింది ఆ యుయుత్సుడే. ఆయనా గుట్టు మోశాడు. కాకపోతే అది ఒక ప్రాణం కాపాడాలని. భీముడు మాత్రం ఆ విషం తిని అరిగించేసుకున్నాడు.

మండపేట: ఇది నేను చూడలేదండి. ఒప్పుకుంటున్నాను.

కాకినాడ: మన పక్కనే ఉన్న చందుర్తిని వదిలేస్తే ఎలా? బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో. అప్పుడు విజయనగరం వాళ్ళు ఫ్రెంచి బుస్సీ పక్కన. రెండేళ్ళు తిరక్కుండానే విజయనగరం రాజు ఆనందగజపతి ఫ్రెంచివాళ్ళను వదిలి ఇంగ్లీషువాళ్ళను పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ళ కర్నల్ ఫోర్డు గెలిచాడు, మరుసటి ఏడు మచిలీపట్నం ఫ్రెంచివాళ్ళ చేజారింది. మనది కాని యుద్ధానికి మన పొలాలే వేదికయ్యాయని ఆ దారిన వెళ్ళినప్పుడల్లా బాధేస్తుంది.

మూట సంగతికొస్తే, అమెరికన్ జనరల్ బెనెడిక్ట్ ఆర్నాల్డు 1780లో తమ వెస్ట్ పాయింట్ కోట వివరాలు ఇంగ్లీషువాళ్ళకు పంపితే, అవి వాళ్ళ మేజర్ ఆండ్రే మేజోళ్ళలో దొరికాయి. 1945లో కెనడా రాజధాని ఒట్టావాలో సోవియట్ ఎంబసీ గుమాస్తా గుజెంకో 109 కాగితాలతో బయటికొచ్చాడు. 1976లో సోవియట్ పైలట్ బెలెంకో మిగ్-25 యుద్ధవిమానాన్నే తీసుకెళ్ళి జపానులో హకొదాతెలో దించాడు. వీళ్ళంతా గుట్టు మోసినవాళ్ళు. ప్లాసీలో మీర్ జాఫర్ మాత్రం ఏమీ మొయ్యలేదు, సైన్యంతో సహా కదలకుండా నిలబడ్డాడు. దానికి మన దగ్గర సామెత ఉందా?

ఆత్రేయపురం మాస్టారు: అంత దూరం దేనికి, శ్రీనాథుణ్ణి చూడండి. కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారి. ఆ వేమారెడ్డికీ రాజమహేంద్రవరం కాటయవేముడికీ బద్ధవైరం. కొండవీడు పడిపోయాక ఆ మహాకవి వచ్చి చేరింది ఈ రాజమహేంద్రవరానికే. కాశీఖండం వీరభద్రారెడ్డికి అంకితం. ద్రాక్షారామ భీమేశ్వరుడి మీద పురాణం రాసింది ఇక్కడే, ఇక్కడి మంత్రి బెండపూడి అన్నయ కోసం. ఇది ఫిరాయింపా? నేను అననివ్వను. కవి మోసుకొచ్చింది పద్యం. దాంతో ఏ కోటా కూలలేదు, మన గోదావరికి మాత్రం ఒక సీసపద్యాల పంట దక్కింది.

కరీంనగర్: మాస్టారూ, గుట్టు నుంచి శ్రీనాథుడి దాకా వచ్చినం. "ఫిరాయింపు" అంటిరి గద, అది హిందీ ఫిర్‌నా నుంచి వచ్చిన మాట. "ప్లేటు ఫిరాయించుడు"లో ప్లేటు గ్రామఫోను ప్లేటే అని మా బాపు అంటుండె. ఒక దిక్కు పాట అయినంక రెండో దిక్కు తిప్పుడు.

మండపేట: చట్టంలో కెక్కిన మాట మాత్రం అదే. 1967లో హర్యానాలో పదేపదే పార్టీ మారిన ఎమ్మెల్యే గయాలాల్ దెబ్బకి "ఆయారాం గయారాం" పుట్టింది, 1985లో ఫిరాయింపుల్ని ఆపడానికి రాజ్యాంగంలో పదో షెడ్యూలు వచ్చింది. మొదట్లో మూడో వంతు మంది చీలిపోతే తప్పు కాదన్నారు, 2003లో అది తీసేశారు. చట్టం లెక్కపెట్టేది తలల్ని. లంక నాన్నమ్మ చూసింది చంకలో జాబితాని.

ఆచంట లంక: మీరన్న ఈ మాటతో నాకు ఆ అరుగు మళ్ళీ కళ్ళముందు కనబడిందండి. ఆయన పడవెక్కినందుకు నాన్నమ్మ తిట్టలేదు. "ఎళ్తే ఎళ్ళాడు, ఆ కాయితం ఇచ్చి ఎళ్ళొచ్చు కదా" అంది. అయితే గుట్టేనేమో. కానీ చెల్లెలు ఒప్పుకోవడం లేదు. ఆ పక్కనే మా పిన్ని కూడా ఉందట. రేపు రేవు దాటి వెళ్ళి అడుగుతాను.

పాలకొల్లు అత్తయ్య: వెళ్ళు నాయనా. కానీ "గుట్టా, రట్టా" అని నువ్వు ముందే మాట అందించకు. ఆ రోజు నాన్నమ్మ ఏమంది పిన్నీ అని మాత్రం అడిగి, ఆవిడనే అననివ్వు.

రాజోలు: గట్టు అంటే కూడా రాయండి.