బండికి దమ్ము లేదా, లాగడం లేదా, గుక్క తిప్పుకోవడం లేదా?

పాత డీజిల్ జీపు మాన్యువల్‌ను తెలుగు చేస్తున్న సభ్యుడొకరు నిన్న ఈ గ్రూపులో ఒక మాట అడిగారు. ‘లాస్ ఆఫ్ పవర్’ని తెలుగులో ఏమనాలి అని. ‘శక్తి క్షీణత’, ‘సామర్థ్య లోపం’, ‘చోదకశక్తి నష్టం’ అని మూడు జవాబులు వచ్చాయి. మూడూ తప్పు కాదు. కానీ వీటిలో ఏ మాట పట్టుకొని చిత్తూరులో షెడ్డుకు పోయినా మెకానిక్ ‘అంటే ఏమి చేస్తా ఉండాది బండి?’ అని మళ్లీ అడగాల్సిందే. ఆ ఒక్క ఇంగ్లీషు మాటకు మా వైపు కనీసం నాలుగు మాటలున్నాయి. ఒక్కోటి ఒక్కో రోగం.

ఇది నాకు తెలిసింది మా నాయన జీపు వల్ల. ఎంఎం 540, ప్యూజో డీజిల్ ఇంజిన్, 2112 సీసీ, గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే టర్బో లేదు. ఒక జూన్‌లో వెనకాల ఎనిమిది క్రేట్లు తోతాపురి కాయలు వేసుకొని పలమనేరులో మేనత్త ఇంటికి బయలుదేరాం. బంగారుపాళ్యం దాకా బండి బ్రహ్మాండంగా వచ్చింది. మొగిలి కనుమ సగం ఎక్కేసరికి నాయన ఎంత రేసు ఇచ్చినా ఇంజిన్ సద్దు పెరగలేదు. మూడో గేరులో ఎక్కే మిట్టను రెండులో ఎక్కాం, తర్వాత ఒకటిలో. చివరికి పక్కన ఆపేశాం. పదిహేను నిమిషాలు ఆగి స్టార్ట్ చేస్తే మళ్లీ మామూలే. రెండు మలుపులు దాటాక మళ్లీ అదే కథ. (‘కనుమ’ ఉండగా ఇప్పుడు అందరం ‘ఘాట్’ అంటున్నాం. దాని మీద ఇంకోసారి మాట్లాడదాం.)

మరుసటి వారం పల్లె నుంచి పన్నెండు కిలోమీటర్లు తోలుకొచ్చి షెడ్డు ముందు ఆపి, నాయన అన్నాడు: ‘దమ్ము పోయింది భాయ్.’

మెకానిక్ పెద్దాయన ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు. శుభ్రంగా ఉంది. ‘దమ్ము బాగానే ఉంది కదన్నా. మిట్టలో పొగ నల్లగా వచ్చిందా?’

‘లేదు.’

‘ఆగితే మళ్లీ బాగుంటా ఉండాదా?’

‘అవును.’

‘అయితే దమ్ము కాదు. ఇది గుక్క తిప్పుకోవడానికి ఆగతా ఉండాది.’

ఆ మాట అని నేరుగా వెనక్కి పోయి డీజిల్ ట్యాంకు మూత తిప్పాడు. ‘ఉస్స్’మని గాలి లోపలికి పోయిన చప్పుడు నాకూ వినిపించింది. మూత కింద మడిచి పెట్టిన ప్లాస్టిక్ కవరు ముక్క, దాని మీద ట్యాంకు మూతి అచ్చు గుండ్రంగా పడి ఉంది. మిట్టల్లో డీజిల్ చిందుతోందని నాయనే పెట్టాడు. మూతకు గాలి పీల్చుకునే సన్న రంధ్రం ఉంటుంది, దాన్ని ఆ కవరు మూసేసింది. లోపల డీజిల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకే డీజిల్‌ను వెనక్కి పట్టి లాగుతుంది, ట్యాంకులోంచి డీజిల్ తోడే ఫీడ్ పంపు ఎంత పీల్చినా అందదు. బండి ఆపితే గాలి ఏ సందులోంచో మెల్లగా దూరుతుంది, కాసేపు బాగుంటుంది. కవరు తీసి, రంధ్రం సన్న తీగతో పొడిచి శుభ్రం చేసి, మూతకు కొత్త రబ్బరు వాషరు వేశాడు. అంతే.

ఇప్పుడు మాట సంగతి. ‘గుక్క’ అంటే మింగే నీళ్లూ, పీల్చే ఊపిరీ రెండూ. గుక్కెడు నీళ్లు అంటాం, పిల్లోడు గుక్కపట్టి ఏడ్చాడంటాం, గుక్క తిప్పుకోకుండా మాట్లాడిందంటాం. ఆ మెకానిక్ వాడిన చోట ఈ రెండు అర్థాలూ పనిచేశాయి: ఇంజిన్‌కు డీజిల్ గుక్క అందడం లేదు, ఎందుకంటే ట్యాంకుకు ఊపిరాడటం లేదు. ‘శక్తి క్షీణత’లో ఈ దారి కనిపించదు.

‘దమ్ము’ వేరు. ఇది ఫార్సీ ‘దమ్’, అంటే ఊపిరి, ఉర్దూ మీదుగా మనకొచ్చింది. బీడీ దమ్ము, దమ్ బిర్యానీ, ‘దమ్ముంటే రా’ అన్నీ ఆ గూటివే. తెలంగాణలో దమ్ము వస్తోందంటే ఆయాసం వస్తోందని. అక్కడ వస్తే రోగం, ఇక్కడ పోతే రోగం. కోస్తాలో వరి మడికి చేసే దమ్మును మాత్రం దీంతో కలపకండి, అది బురద దున్నడం. బండికి దమ్ము లేదంటే గాలి చాలడం లేదని. గాలి చాలక డీజిల్ సరిగా కాలకపోతే వచ్చేదే నల్లపొగ. కాబట్టి ఈ మాట వినగానే చెయ్యి ఎయిర్ ఫిల్టర్ మీదికి పోవాలి. కాగితం ఫిల్టరైతే మెల్లగా తట్టి, తక్కువ ప్రెషరుతో లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. కొన్ని పాత జీపులకు నూనె గిన్నె ఫిల్టర్ ఉంటుంది, అందులో అడుగున పేరుకున్న బురద కడిగి, గీత వరకే కొత్త ఆయిల్ పోయాలి. టర్బో ఉన్న బండైతే రబ్బరు గొట్టాలు చీలాయేమో, క్లిప్పులు వదులయ్యాయేమో తడిమి చూడాలి.

‘లాగడం లేదు’ అనేది ఎద్దుల బండి నుంచి వచ్చిన మాట. చదునులో బాగానే పోతుంది, బరువు పెడితే, మిట్ట వస్తే కుంగిపోతుంది. దీనికి కారణాలు చాలా ఉంటాయి. కానీ ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నోజిళ్లు, వాటికి డీజిల్ తోసే పంపు అని భయపడే ముందు ఇంట్లోనే చూసుకోదగినది ఒకటుంది. ఇంజిన్ ఆపి, ఒకరు ఎక్స్‌లేటర్ పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బానెట్ ఎత్తి పంపు మీది లివరు చివరిదాకా పోయి ఆనుతోందా లేదా చూడాలి. కేబుల్ సాగిపోతే కాలు నేలకు ఆనినా లివరు ముప్పావు వంతే తిరుగుతుంది. కేబుల్ బిగిస్తే సరిపోయే దానికి నోజిళ్లు మార్పించుకున్నవాళ్లను నేను చూశాను. పంపు మీది సీలు స్క్రూలను మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టుకోకండి. డీజిల్ జాస్తి చేస్తే పొగా, వేడీ పెరుగుతాయి, ఇంజిన్‌కు చేటు. నడుస్తున్న ఇంజిన్ నోజిల్ పైపుల దగ్గర చెయ్యి పెట్టొద్దు. అక్కడి ప్రెషరుకు డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.

నాలుగోది ‘పట్టేస్తోంది’. ఇందులో ఇంజిన్ తప్పేమీ లేదు. కొంత దూరం పోయి ఆపి, నాలుగు చక్రాల డ్రమ్ముల దగ్గరికీ చెయ్యి పోనిచ్చి చూస్తే ఒకటి మాత్రం కాలిపోతూ ఉంటుంది. బ్రేకు వదలడం లేదన్నమాట. దీనికి ఎదురు మాట ‘క్లచ్ పట్టడం లేదు’: ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. ఒకటి పట్టినందుకు, ఒకటి పట్టనందుకు. రెండింటికీ క్రియ ఒక్కటే, వినేవాడికి ఎక్కడా గందరగోళం లేదు.

*

పీలేరు నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న: ‘మా అన్న ఎయిర్ పట్టింది అంటాడు. అది దమ్ము కిందికి వస్తుందా?’

రాదమ్మా. దమ్ము లేకపోవడమంటే గాలి ఉండాల్సిన చోట చాలకపోవడం. ఎయిర్ పట్టడమంటే ఉండకూడని చోట, డీజిల్ పైపులో, గాలి దూరడం. ఇక్కడ ‘పట్టింది’ బ్రేకు పట్టినట్టు కాదు, తుప్పు పట్టింది, బూజు పట్టింది అన్నట్టు. డీజిల్ అయిపోయేదాకా నడిపినా, డీజిల్ ఫిల్టర్ మార్చినా, పైపు జాయింటు వదులైనా ఇది వస్తుంది. బండి దగ్గుతుంది, ఆగిపోతుంది, స్టార్ట్ కాదు.

తిరుపతి నుంచి ఒక మాస్టారు: ‘పవర్‌కి తెలుగు మాట లేదనకండి. గజేంద్రుడు లావొక్కింతయు లేదు అన్నాడు. లావు అంటే బలమే కదా.’

అవును మాస్టారూ. పోతన గారి ఏనుగు అన్నది బలం లేదనే. పైగా లాగి లాగి అలిసిపోయిన ఏనుగు కాబట్టి పోలిక కూడా అతుకుతుంది. కానీ ఇప్పుడు ‘బండికి లావు లేదు’ అంటే టైరు సన్నగా ఉందేమో అనుకుంటారు. ఆ అర్థంలో ఆ మాట పద్యంలోనే మిగిలింది, నాకూ బాధగానే ఉంది.

మాన్యువల్ రాస్తున్న సభ్యుడు: ‘అయితే శీర్షిక ఏం పెట్టమంటారు?’

‘బండి లాగడం లేదు’ అని పెట్టండి, అందరికీ తెలిసిన మాట అదే. దాని కింద విడివిడిగా అడగండి. పొగ నల్లగా ఉందా? ఆగితే కాసేపు బాగుంటుందా? ఇంజిన్ అరిచినా బండి కదలడం లేదా? చక్రం వేడెక్కిందా? ఇవి అడిగితే చదివేవాడు తన జీపు దగ్గరికి పోయి చూస్తాడు.

ఆయనే మళ్లీ: ‘గాలి తీసే పద్ధతికి “సిస్టమ్ నుంచి వాయువును నిర్మూలించుము” అని రాసి ఉంచాను. మార్చాలా?’

మార్చండి. షెడ్డులో దాన్ని ‘ఎయిర్ తీయడం’ అంటారు, మీరు ‘గాలి తీయడం’ అని రాయవచ్చు. నేనైతే ఇలా రాస్తాను: ‘డీజిల్ ఫిల్టర్ పైన ఉన్న గాలి స్క్రూను రెండు చుట్లు వదులు చేయండి. కింద గుడ్డ పెట్టండి. చేతి పంపు కొడుతూ ఉండండి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలతో డీజిల్ వస్తుంది. బుడగలు పోయి నిండు ధార వచ్చాక, ధార కారుతుండగానే స్క్రూ బిగించండి.’